సెక్షన్ 36 మూసిన తలుపు: ఒక కాందిశీకుల ఇంటి కేసు

2001 ఫిబ్రవరిలో ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు తీర్పు కాపీ. నాలుగేళ్లకు పైగా నడిచిన దావాను ఒక్క సాక్షిని కూడా విచారించకుండానే కొట్టేశారు. ఆవిడ అడిగింది ఒకటే. "వకీల్ సాబ్, ఇల్లు మాది కాదని జడ్జిగారు అనలేదు. మాదేనని కూడా అనలేదు. మరి నాలుగేళ్లు ఏం చేసినట్టు?"

నేను చేసిన కేసుల్లో జూనియర్లకు ఎక్కువసార్లు చెప్పింది ఇదే. అందుకే పూర్తిగా రాస్తున్నాను. పేర్లు, వీధి, కొన్ని కొలతలు మార్చాను.

ముందు ఒక మాట గురించి. తెలుగులో "కాందిశీకులు" అని ఒకే మాట వాడతాం. చట్టంలో వాళ్లు ఇద్దరు. దేశ విభజన వల్ల గానీ, అప్పటి అల్లర్ల వల్ల గానీ 1947 మార్చి 1 తర్వాత ఇక్కడ ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లినవాడు ఎవాక్యూ. అటు నుంచి అన్నీ పోగొట్టుకుని ఇటు వచ్చినవాడు డిస్‌ప్లేస్డ్ పర్సన్. మొదటివాడి ఆస్తిని సర్కారు స్వాధీనం చేసుకునేది, రెండోవాడికి నష్టపరిహారంగా ఇచ్చేది. ఒక్కో పనికి ఒక్కో చట్టం. మొదటిది 1950 నాటి ఎవాక్యూ ఆస్తి నిర్వహణ చట్టం, రెండోది 1954 నాటి నష్టపరిహారం, పునరావాస చట్టం. ఈ తేడా తెలియకుండా "కాందిశీకుల ఆస్తి కేసు" అని ఫైలు మీద రాసుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. ఎనిమీ ప్రాపర్టీ, అంటే శత్రుదేశపు పౌరుల ఆస్తి, ఇంకో సంగతి. దానికి 1968 చట్టం వేరే ఉంది. మన సిటీలో చాలామంది ఎవాక్యూ ఆస్తినీ దీన్నీ కలిపేస్తుంటారు.

ఇక ఇంటి కథ. పాత నగరంలో ఒక గల్లీ, రోడ్డు వైపు ఒక మల్గీ (దుకాణం), దాని మీద బాలాఖానా (మేడగది), లోపల మూడు గదులు, వెనక బావి ఉన్న ఖుల్లా జాగా (ఖాళీ స్థలం). అసలు యజమాని కరాచీ వెళ్లిపోయాడు. 1951లో దాన్ని ఎవాక్యూ ఆస్తిగా ప్రకటించారు. 1955లో 1954 చట్టం సెక్షన్ 12 కింద కేంద్ర ప్రభుత్వం తీసుకుంది. ఆ నోటిఫికేషన్ పడిందంటే ఎవాక్యూ హక్కు అక్కడితో సరి, ఆస్తి ఏ భారమూ లేకుండా కేంద్రానికి చెందుతుంది. పెద్దావిడ మామగారు సింధ్‌లోని హైదరాబాద్ నుంచి వచ్చారు. ఆ హైదరాబాద్‌లో పోయిన ఇంటికి బదులుగా ఈ హైదరాబాద్‌లో ఇల్లు. క్లెయిమ్ వెరిఫై అయ్యాక 1957లో అలాట్‌మెంట్ ఇచ్చారు, 1962లో భారత రాష్ట్రపతి పేరు మీద కన్వేయన్స్ డీడ్ (హక్కు బదిలీ పత్రం) రాసిచ్చారు. ఆ డీడ్‌ను ఆవిడ పట్టుగుడ్డలో చుట్టి దాచుకున్నారు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక పేపరు అంటించారు.

1996లో ఆవిడ వేసిన దావాలో ముగ్గురు ప్రతివాదులు. మొదటివాడు మల్గీలో కిరాయిదారు, తండ్రి కాలం నుంచీ ఉన్నవాడు. నెలకు 180 రూపాయల కిరాయి ఎగ్గొట్టి, పైగా ఇది అసలు ఎవాక్యూ ఆస్తే కాదనేవాడు. పాత యజమాని చెల్లెలు ఇక్కడే ఉండిపోయింది, ఆమె వాటా ఎవరూ తీసుకోలేరు అని అతని వాదన. రెండోవాడు వెనక గదిలో ఉంటున్న మరో కాందిశీక కుటుంబం కొడుకు. వాళ్ల నాన్నకు 1958లో మేనేజింగ్ ఆఫీసర్ (1954 చట్టం కింద ఈ ఆస్తులను చూసే అధికారి) అలాట్‌మెంట్ ఇచ్చాడట. మూడోవాడు పక్కింటాయన. 1994లో ఖుల్లా జాగాలోకి ఆరడుగులు జరిగి గోడ కట్టాడు.

ముందున్న వకీలుగారు ముగ్గురి మీదా కలిపి ఒకే ప్లెయింట్ (దావా పత్రం) వేశారు. ఇల్లంతా వాదిదేనని డిక్లరేషన్, 1958 అలాట్‌మెంట్ రద్దు, ముగ్గురి నుంచీ స్వాధీనం, అందరి మీదా పర్మనెంట్ ఇంజంక్షన్ (అడ్డుకునే ఉత్తర్వు). చదువుతుంటే బాగానే ఉంటుంది. ఆస్తి ఒకటి, డీడ్ ఒకటి, కోర్టు ఫీజు ఒకసారి. ఆ కాలంలో చాలామంది అలాగే వేసేవారు. కానీ రెండో ప్రతివాది లాయరు 1954 చట్టం సెక్షన్ 36 ఎత్తి చూపాడు. కోర్టు జూరిస్‌డిక్షన్‌ను , అంటే తనకు విచారణాధికారం ఉందా అన్నదాన్ని, ప్రిలిమినరీ ఇష్యూగా ముందే తీసుకుంది. 2000 నవంబరులో దావా మొత్తం పోయింది.

ఆ సెక్షన్ 36 ఏమనేదో చూద్దాం. ఈ చట్టం కింద కేంద్ర ప్రభుత్వానికి గానీ, నియమించిన అధికారికి గానీ ఏ విషయాన్ని తేల్చే అధికారం ఉందో ఆ విషయం మీద ఏ సివిల్ కోర్టూ దావా తీసుకోకూడదు. ఆ అధికారంతో చేసిన పని మీదా, చేయబోయే పని మీదా ఏ కోర్టూ ఇంజంక్షన్ ఇవ్వకూడదు. 1950 చట్టంలో సెక్షన్ 46 దీనికి అన్నలాంటిది. ఒక ఆస్తి ఎవాక్యూ ఆస్తి అవునా కాదా అన్న ప్రశ్నను సివిల్ కోర్టు గానీ, రెవెన్యూ కోర్టు గానీ ముట్టుకోకూడదు. దాని పక్కన సెక్షన్ 28 నిలబడి, కస్టోడియన్ (ఎవాక్యూ ఆస్తుల సంరక్షణ అధికారి) వరుసలో వచ్చిన ఆర్డరే ఫైనల్ అంటుంది.

ఈ రెండు సెక్షన్లలోనూ "ఆస్తి మీద దావా వేయరాదు" అని ఎక్కడా లేదు. "తేల్చే అధికారం ఉన్న విషయం" అనే ఉంది. నిషేధం ఇంటికి అంటుకుని లేదు, ప్రశ్నకు అంటుకుని ఉంది. ముందున్న వకీలుగారు ఇంటిని చూసి దావా వేశారు, జడ్జిగారు కూడా ఇంటిని చూసే కొట్టేశారు. ఇద్దరూ చేసింది ఒకే పొరపాటని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎందుకు ఇంత గట్టిగా మూశారు అని మనవడు అడిగాడు. కోపంగానే అడిగాడు. ఆ ప్రశ్నకు చట్టం పుట్టిన రోజుల్లోనే జవాబు ఉంది. లక్షల మంది ఒక్కసారిగా వచ్చిపడ్డారు. వెళ్లినవాళ్ల ఇళ్లు, పొలాలు, దుకాణాలు కలిపి ఒక పూల్ చేసి, క్లెయిములు వెరిఫై చేసి పంచాలి. ఒక ఇంటి మీద ఒక స్టే పడితే ఆ ఇంటి కోసం ఎదురుచూసే కుటుంబం క్యాంపులోనే ఉండిపోతుంది. అందుకని చట్టంలోనే మెట్లు కట్టారు. మేనేజింగ్ ఆఫీసర్ ఆర్డరు మీద సెక్షన్ 22 కింద సెటిల్‌మెంట్ కమిషనర్‌కు అప్పీలు, దానికి గడువు 30 రోజులు. పైన చీఫ్ సెటిల్‌మెంట్ కమిషనర్. ఆయన సెక్షన్ 24 కింద ఎప్పుడైనా ఫైలు తెప్పించుకుని సరిచేయగలడు. ఇంకా పైన సెక్షన్ 33 కింద కేంద్రం. ఇన్ని మెట్లు ఉన్నాయి గనకే సివిల్ కోర్టు తలుపు మూయడం చెల్లుతుంది.

ఈ లెక్కను 1968లో ధూలాభాయి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఏడు సూత్రాలుగా చెప్పింది. అవన్నీ ఇక్కడ రాయను, నాకు పనికొచ్చినవి చెబుతాను. ప్రత్యేక చట్టం ఒక అధికారి ఆర్డరును ఫైనల్ అని, సివిల్ కోర్టు ఇవ్వగలిగిన ఉపశమనాన్ని ఆ అధికారే ఇవ్వగలిగితే, కోర్టు తప్పుకోవాలి. అయితే ఆ అధికారి చట్టం చెప్పిన నిబంధనలు పాటించకపోయినా, న్యాయవిచారణకు ప్రాణమైన పద్ధతిని వదిలేసినా తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. ఎవాక్యూ ఆస్తుల విషయంలో అంతకు ముందే 1966లో మన హైదరాబాద్ నుంచి వెళ్లిన రామ్‌గోపాల్ రెడ్డి కేసులో, ఆ తర్వాత పంజాబ్ నుంచి వెళ్లిన జఫ్రాన్ బేగం కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 46ను గట్టిగానే నిలబెట్టింది. ప్రశ్నలో చట్టపరమైన చిక్కులు ఎన్ని ఉన్నా కస్టోడియన్ దగ్గరే తేలాలి అని. హైకోర్టులో నేరుగా వేసే రిట్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది, రాజ్యాంగం ఆర్టికల్ 226ను ఏ సెక్షనూ మూయలేదు.

ఇప్పుడు ఆవిడ తీర్పు కాపీ పక్కన పెట్టి, తెల్లకాగితం తీసుకుని ముగ్గురి పేర్లూ రాశాను. ప్రతి పేరు ముందూ ఒకే ప్రశ్న. ఇతనితో ఉన్న తగువును తేల్చే అధికారం 1950, 1954 చట్టాలు ఎవరికైనా ఇచ్చాయా?

పక్కింటాయన సంగతి తేలిక. ఆయన కాందిశీకుడు కాడు, అలాటీ కాడు, ఆయనకు ఆ ఫైలుతో సంబంధమే లేదు. 1962 డీడ్‌తో హక్కు పూర్తిగా చేతులు మారింది. ఆ తర్వాత 1994లో ఒకడు గోడ జరిపితే, దాన్ని తీయించే అధికారం ఏ సెటిల్‌మెంట్ అధికారికీ లేదు. ఇది మామూలు సరిహద్దు తగువు, సివిల్ కోర్టు తప్ప దిక్కు లేదు. కాబట్టి తీర్పులో ఈ ముక్క వరకే అప్పీలు వేశాను. మిగిలిన ఇద్దరి మీదా అప్పీలు లేదని మెమోలోనే రాసిచ్చాను. ఆవిడకు ఇది నచ్చలేదు. "రెండు కాళ్లు వదిలేసి మూడో కాలు పట్టుకుంటారా?" అన్నారు. కానీ అన్నీ పట్టుకుని వెళ్లి ఉంటే అప్పీలు కోర్టు కూడా మొత్తాన్ని ఒకే కట్టగా చూసేది. 2002లో అప్పీలు కోర్టు, ప్రతి ప్రతివాది మీదా ప్రతి రిలీఫ్‌నూ విడిగా చూడాల్సిందని చెప్పి, గోడ వరకు విచారణ చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 23 కింద వెనక్కి పంపింది.

కిరాయిదారు విషయంలో ఒక సంగతి మా ఆఫీసులో అందరికీ ఆశ్చర్యం కలిగించింది. మా దావాను పడగొట్టిన నిషేధమే అతని వాదననూ పడగొట్టింది. మేం 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం కింద రెంట్ కంట్రోలర్ దగ్గర ఖాళీ చేయించమని పిటిషన్ వేశాం. యజమాని హక్కునే కిరాయిదారు కాదంటే, ఆ కాదనడం నిజాయితీగా ఉందా లేదా కంట్రోలర్ చూడాలి. నిజాయితీ ఉందనుకుంటే మమ్మల్ని సివిల్ కోర్టుకు పంపాలి. ఇతను చెల్లెలి వాటా కథ చెప్పాడు. ఆ కథ వినే చోటు 1951లో కస్టోడియన్ ముందు ఉండింది. ఎవాక్యూ ఆస్తిగా ప్రకటించే ముందు 1950 చట్టం సెక్షన్ 7 నోటీసు వచ్చినప్పుడు ఆ చెల్లెలే వెళ్లి చెప్పుకోవాల్సింది, ఆమె చెప్పుకోలేదు. యాభై ఏళ్ల తర్వాత ఆమె పేరు పెట్టుకుని కిరాయిదారు అదే ప్రశ్న ఇక్కడ అడిగితే సెక్షన్ 46 అడ్డు వస్తుంది. పైగా మల్గీ గల్లాపెట్టెలోంచి వాళ్ల నాన్న 1953లో కస్టోడియన్ ఆఫీసుకు కట్టిన కిరాయి రశీదులు బయటపడ్డాయి. అవి మాకు ఇచ్చింది ఎవరో కాదు, అతని తమ్ముడే. అన్నదమ్ములకు పడేది కాదు. 2004లో ఖాళీ చేయమని ఆర్డరు, పై కోర్టులు దాటి 2006లో తాళం మా చేతికి వచ్చింది.

మిగిలింది వెనక గది. కేసులో అసలు బరువు ఇక్కడుంది, నేను తప్పు చేసింది కూడా ఇక్కడే.

1958 అలాట్‌మెంట్ సరైనదా కాదా అన్నది అచ్చంగా సెటిల్‌మెంట్ అధికారుల ప్రశ్న. ఆ ఆర్డరును రద్దు చేయమని సివిల్ కోర్టును అడగడం అంటే సెక్షన్ 36కు ఎదురెళ్లడమే. 30 రోజుల అప్పీలు గడువు నలభై ఏళ్ల కిందటే దాటింది. కానీ సెక్షన్ 24లో "ఎప్పుడైనా" అన్న మాట ఉంది. ఆ ఆర్డరును సరిచేయమని రివిజన్ వేశాను. ఇంత ఆలస్యం ఎందుకంటే, అధికారం లేని కోర్టులో మంచి నమ్మకంతో తిరిగిన కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 ఎలా మినహాయిస్తుందో ఆ సూత్రాన్నే చెప్పుకున్నాను. ఆలస్యం సంగతి అధికారి పెద్దగా పట్టించుకోలేదు. ఫైలు తెప్పించారు.

నా రివిజన్‌లో నేను గట్టిగా రాసిందేమిటంటే, 1958 ఆర్డరు అబద్ధం చెప్పి పుట్టించుకున్నదని. 1957లోనే ఇల్లంతా మాకు ఇచ్చేశాక, ఏడాది తర్వాత అందులో ఒక గది ఇంకొకరికి ఎలా ఇస్తారు? నా లాజిక్ నాకు అంత బాగా నచ్చింది, ఫైలు చూడకుండానే అవతలి కుటుంబాన్ని మోసగాళ్లన్నాను. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ బాధ ఉంది.

2003 మార్చిలో రికార్డు రూములో ఫైలు విప్పారు. ఎర్రగుడ్డ బస్తా, ముడి విప్పగానే దుమ్ము, పేజీల అంచులు పురుగు తిని జల్లెడలా ఉన్నాయి. టైపు చేసిన ఇంగ్లీషు ఆర్డరులో ఇంటి నంబరు పక్కన గీత పెట్టి "1" అని మాత్రమే ఉంది. ఆ "1" వెనక గది అని నలభై ఏళ్లుగా అందరూ అనుకున్నారు. దాని కింద నీలం సిరాతో ఉర్దూలో రాసిన తనిఖీ నోట్ ఒకటి కుట్టి ఉంది. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం కూడబలుక్కుంటే గానీ రాదు. రిటైరయ్యాక కూడా ఆ రూముకు వచ్చే ఒక పెద్దాయన అద్దాలు పైకి జరుపుకుని చదివారు. "మల్గీ పైన బాలాఖానా, మెట్లతో సహా." ఇంకోసారి చదవమన్నాను. అదే. పక్కనే ట్రేసింగ్ గుడ్డ మీద గీసిన ప్లాను, గజాల్లో కొలతలు, మెట్ల దగ్గర చిన్న గుర్తు.

మళ్లీ మా 1957 ఆర్డరు తీసి చూశాను. అందులో "కింది అంతస్తు, ఖుల్లా జాగా" అనే ఉంది. 1962 డీడ్ షెడ్యూలులో కూడా అంతే. నేను డీడ్‌లో హద్దులు చదివాను, నంబరు చదివాను, అంతస్తు అన్న మాట మీదుగా వెళ్లిపోయాను.

అంటే రెండు అలాట్‌మెంట్లూ నిజమే. అవతలివాళ్ల నాన్నకు ఇచ్చింది బాలాఖానా. కానీ అప్పటికే మల్గీ కిరాయిదారు దాన్ని గోడౌన్ చేసుకుని తాళం వేసుకున్నాడు. కొత్తగా వచ్చిన మనిషి, భాష రాదు, చేతిలో పసిబిడ్డ. ఖాళీగా కనబడిన వెనక గదిలో సామాను దింపుకున్నాడు. మా పెద్దావిడ మామగారు అప్పుడు అడ్డు చెప్పలేదట. తనూ అలాగే వచ్చినవాడు గనక చెప్పి ఉండడు. ఇద్దరూ పోయాక పిల్లలకు ఆ సంగతి తెలియలేదు. ఒకరికి డీడ్ తెలుసు, ఇంకొకరికి ఆర్డరు తెలుసు.

సివిల్ కోర్టులో ఇది ఎప్పటికైనా తేలేదా అని ఆలోచిస్తే, తేలేది కాదేమో అనిపిస్తుంది. అక్కడ మేం మా డీడ్ మార్కు చేసేవాళ్లం, వాళ్లు వాళ్ల ఆర్డరు మార్కు చేసేవాళ్లు, ఇద్దరికీ సాక్షులు దొరికేవాళ్లు. బస్తా ఎక్కడుందో తెలిసిన అధికారి ముందే ఆ నోట్ బయటకు వచ్చింది. సెక్షన్ 36 మీద మనవడికున్న కోపం ఆ మధ్యాహ్నం తగ్గింది.

అధికారి స్థల తనిఖీ చేయించి, ఏ అలాట్‌మెంటూ రద్దు చేయకుండా, ఎవరిది ఏ భాగమో రాసి 2004లో ఆర్డరిచ్చారు. అవతలి కుటుంబం మొదట నమ్మలేదు. నేను ముందు రాసిన మాటలు అలాంటివి మరి. వాళ్లు హైకోర్టులో రిట్ వేశారు. అది నడుస్తుండగానే 2005లో పార్లమెంటు ఈ చట్టాలన్నిటినీ ఒక్క దెబ్బతో రద్దు చేసింది. చట్టమే లేదు గనక ఆర్డరూ లేదని వాళ్ల వాదన. జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 6 ప్రకారం రద్దుకు ముందు ఏర్పడిన హక్కులు, జరిగిన పనులు నిలబడతాయని మా జవాబు. దాని మీద వాదనలు పూర్తికాకముందే మల్గీ ఖాళీ అయింది, బాలాఖానా తాళం తీశారు. అప్పుడు వాళ్లు పైకెక్కి చూశారు. వెనక గది కంటే పెద్దది, గాలి వెలుతురు ఉంది. రెండు పక్షాలూ కలిసి మెమో వేస్తే రిట్ ముగిసింది.

రద్దు తర్వాత ఈ కేసులు ఎలా చూడాలని ఇప్పుడు జూనియర్లు అడుగుతారు. రద్దుకు ముందు ఫైనల్ అయిన ఆర్డరును ఇప్పుడు కొత్త దావాతో తిరగదోడవచ్చని నేను అనుకోను. ఆ ఆర్డరుతో వచ్చిన హక్కును కాపాడుకోవడానికి, మూడోవాడి ఆక్రమణ తీయించడానికి సివిల్ కోర్టుకే వెళ్తాను. 1951 డిక్లరేషన్‌కు సెక్షన్ 7 నోటీసే లేదని ఎవరైనా అంటే, ముందు ఆ నోటీసు ఫైలు కోసం దరఖాస్తు పెట్టిస్తాను, ప్లెయింట్ తర్వాత.

పాత చట్టం పోయినా ఆ వాక్యం బతికే ఉంది. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 63 తీసి చదవండి. కలెక్టరుకు, అథారిటీకి అధికారం ఉన్న భూసేకరణ వివాదంలో హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప సివిల్ కోర్టు తలదూర్చకూడదు, ఏ కోర్టూ ఇంజంక్షన్ ఇవ్వకూడదు. ఇంచుమించు సెక్షన్ 36 మాటలే. పోలవరం ముంపు గ్రామాల నుంచి గానీ, ఇంకే ప్రాజెక్టు నుంచి గానీ వచ్చిన క్లయింటు పరిహారం తక్కువ ఇచ్చారంటే అది ఆ చట్టం చూపిన మెట్ల మీదే నడవాలి. అదే క్లయింటు, పునరావాస కాలనీలో తనకు పట్టా ఇచ్చిన స్థలంలో పక్కవాడు గోడ కట్టాడంటే, అతన్ని అథారిటీ చుట్టూ తిప్పకండి. ఇది రోజూ జరుగుతోంది. ఊరు పోగొట్టుకుని వచ్చిన మనిషి తప్పు తలుపు ముందు నాలుగేళ్లు నిలబడితే ఆ నాలుగేళ్లు ఎవరూ తిరిగి ఇవ్వరు.

గోడ దావా 2005లో డిక్రీ అయింది. 2007 మే నెలలో కోర్టు అమీన్ టేపు పట్టుకుని వచ్చాడు. ఆరడుగుల రెండంగుళాలు వచ్చింది. పక్కింటాయన కూలీలను తనే పిలిపించుకుని గోడ విప్పించాడు. ఆ జూన్‌లోనే బాలాఖానాకు విడిగా ఇంటి నంబరు కోసం అవతలి కుటుంబం మునిసిపల్ ఆఫీసులో అర్జీ పెట్టింది. దానికి అభ్యంతరం లేదని పెద్దావిడ మా ఆఫీసులోనే కూర్చుని సంతకం చేశారు. సింధీలో చేశారు. గుమాస్తా ఇంగ్లీషులో చేయమన్నాడు. ఆవిడ కాగితం తిప్పి, అదే సంతకం కింద ఇంకోసారి చేశారు.